తిత్లీ తుపాను: ఉద్దానం, కళింగపట్నం, విజయనగరం వైపు వాళ్లు ఇక్కడ రాయండి

ఉద్దానం_కుర్రోడు · 9 అక్టోబర్ 2018, సాయంత్రం 6:40
నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమ్మానాన్నలు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో ఉన్నారు, ఊరికి సముద్రం దగ్గరే. పొద్దున్నుంచి టీవీలన్నీ "గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుంది" అని చెప్పిందే చెబుతున్నాయి. ఆ రెండింటి మధ్య వంద కిలోమీటర్ల పైమాటే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస, పలాస, మా వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి అన్నీ అందులోనే ఉన్నాయి. ఇందులో మేం ఏం అర్థం చేసుకోవాలి? నాన్నేమో "ఎప్పుడూ వచ్చేదేరా, ఒడిశా పోతాది" అంటున్నాడు. మాది పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరి చెట్లు. తెలిసినవాళ్లు చెప్పండి. ఊళ్లో ఉన్నవాళ్లు గాలి ఎలా ఉందో రాయండి.

వాతావరణ_పిచ్చి · 7:10
తుపాను ఇంకా నడిసముద్రంలో ఉంది తమ్ముడూ. అక్కడ దారి కొంచెం వంగినా తీరానికి వచ్చేసరికి యాభై అరవై కిలోమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఒక ఊరి పేరు చెప్పరు. తుపాను దారి చూపే మ్యాప్‌లో మధ్య గీత మన ఊరి మీద లేదు కదా అని ఎవరూ నిశ్చింతగా ఉండొద్దు. విశాఖ రాడార్ పరిధిలోకి వచ్చాక తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమి చోటు, ఎక్కడుందో గంట గంటకూ తెలుస్తుంది.

ఇంకో మాట. వాయవ్యంగా వచ్చే తుపానుకు కుడి పక్కన, అంటే ఈశాన్యం వైపు, గాలి ఎక్కువ ఉంటుంది. సుడి తిరిగే వేగానికి తుపాను కదిలే వేగం అక్కడ తోడవుతుంది. పలాస దగ్గర దాటితే మందస, సోంపేట, కవిటి గట్టిగా దెబ్బతింటాయి. గోపాల్‌పూర్‌లో దాటితే మన జిల్లా ఎడమ పక్కన పడుతుంది, కొంత నయం.

మందస_కోవా · 7:22
కొంత నయం అనకండి. 2013లో పైలిన్ దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. మా మేనమామ వాళ్లది కవిటి. మర్నాడు వాళ్ల తోట చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

వాతావరణ_పిచ్చి · 7:25
పైలిన్ గాలి 200 కిలోమీటర్లు దాటింది అన్నా. అంత గాలికి ఎడమా కుడీ ఉండదు. ఇది అంత ఉండదనే అంచనా. కానీ రేపు బలపడుతుంది.

బారువ_బీచ్ · 7:41
పైలిన్ అక్టోబర్ 12, హుద్‌హుద్ అక్టోబర్ 12, ఇప్పుడు ఇది 11 అంటున్నారు. మా ఊళ్లో దసరా అంటే బట్టల కంటే ముందు కొవ్వొత్తులు కొంటున్నారు.

ఇజీనగరం_వాసి · 8:03
పూసపాటిరేగ, భోగాపురం పక్క ఎలా ఉండొచ్చు? మా అక్క వాళ్లు చింతపల్లిలో ఉంటారు. 2014లో హుద్‌హుద్‌కి వాళ్ల పాక పైకప్పు మొత్తం లేచిపోయింది.

వాతావరణ_పిచ్చి · 8:09
మీ వైపు వానలు, ఈదురుగాలులు ఉంటాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ముక్కాం, చింతపల్లి, కోనాడ వాళ్లెవరూ వేటకు వెళ్లొద్దు. హుద్‌హుద్‌లాగా ఉండదు.

వెరావల్_నుంచి · 8:50
ఇప్పుడే బోటు దిగి ఫోన్ చూశాను. మా ఊళ్లో మగవాళ్లు సగం మంది ఇక్కడ గుజరాత్‌లోనే ఉన్నాం. ఇంటి దగ్గర ఆడవాళ్లు, ముసలివాళ్లే. భావనపాడు, కళింగపట్నం వైపు నావలు ఒడ్డుకు లాగారా? మా తమ్ముడి నావ లాగడానికి మనుషులు ఉన్నారో లేదో.

కళింగపట్నం_లైట్‌హౌస్ · 9:15
ఇక్కడ లాగేశారు. వంశధార మొగలో, అంటే నది సముద్రంలో కలిసేచోట, కట్టినవి కూడా పైకి తెచ్చారు. ఇంజిన్లు విప్పి ఇళ్లలో పెట్టుకున్నారు, వలలు బడి వరండాలోకి చేర్చారు. అమావాస్య పోటు ఎలాగూ ఉంది. దాని మీద 1 మీటరు దాకా ఉప్పెన రావచ్చంటున్నారు. భావనపాడులో ఎవరున్నారో కనుక్కుని రాస్తాను. నువ్వు తమ్ముడి పేరు నాకు విడిగా పంపు.

టెక్కలి_టీచర్ · 10 అక్టోబర్, మధ్యాహ్నం 1:30
అతి తీవ్ర తుపానుగా మారింది. మా బడి గదులు తెరిచి ఉంచమన్నారు, తీరం ఊళ్ల నుంచి బస్సుల్లో తెస్తున్నారు. ఈ రాత్రి 10 నుంచి ఖుర్దా రోడ్, విజయనగరం మధ్య రైళ్లు ఆపుతున్నారు. ప్రయాణం పెట్టుకున్నవాళ్లు మానుకోండి.

పలాస_జీడిపప్పు · 1:48
తీరం ఊళ్లు ఖాళీ చేయించడం మంచిదే. కానీ పలాస, కాశీబుగ్గలో కూడా ఇంత టెన్షన్ ఎందుకు? మాకు సముద్రం కనిపించదు కదా. షెడ్‌లో జీడిగింజల బస్తాలున్నాయి, ఒగ్గేసి ఎక్కడికి పోతాం?

టెక్కలి_టీచర్ · 2:05
సముద్రం కనిపించకపోయినా గాలి వస్తుంది బాబూ. ఉప్పెన తీరం దగ్గర ఊళ్ల దాకే వస్తుంది, గాలి అక్కడ ఆగదు. హుద్‌హుద్ రోజు విజయనగరం ఊరి మధ్యలో చెట్లు పడలేదా? మీ షెడ్ రేకులు ఎప్పుడు వేసినవి? రేకులు బిగించే జె హుక్కులు ఊడి ఉంటే ఈ సాయంత్రమే బిగించుకోండి. బస్తాలు నేల మీద ఉంటే ఎత్తు మీదికి చేర్చి బరకం కప్పండి. రాత్రి మాత్రం మీరు షెడ్‌లో ఉండొద్దు.

పలాస_జీడిపప్పు · 2:11
సరే మాస్టారూ. కుర్రాళ్లను పిలుస్తున్నా.

ఉద్దానం_కుర్రోడు · 3:30
అమ్మ షెల్టర్‌కి రానంటోంది. చూడి ఆవు ఉంది, దాన్ని ఒగ్గి రాదట. నేను ఫోన్లో అరిచీ అరిచీ అలిసిపోయాను. ఎవరైనా ఏదైనా చెప్పండి.

బారువ_బీచ్ · 3:37
ఆవు పలుపు విప్పేయమను. కొట్టంలో కట్టేస్తే కప్పు మీద పడి చస్తాది, విప్పేస్తే అదే చోటు చూసుకుంటాది. పైలిన్‌కి మా పక్కింటివాళ్లవి కట్టినవి పోయాయి, విప్పినవి మర్నాడు వాటంతటవే ఇంటికి వచ్చాయి. షెల్టర్ దూరమైతే ఊళ్లో శ్లాబు ఇల్లు ఎవరిదుంటే వాళ్ల ఇంటికి పంపించు. కొబ్బరి చెట్ల కింద పెంకుటింట్లో మాత్రం ఉండనివ్వకు.

ఉద్దానం_కుర్రోడు · 4:20
పెదనాన్న వాళ్ల శ్లాబు ఇంటికి వెళ్లడానికి ఒప్పుకున్నారు. ఆవు మాట చెప్పాకే ఒప్పుకుంది. థాంక్స్ అన్నా.

సోంపేట_చెల్లి · 4:45
మా నాన్నకు రేపు గురువారం డయాలసిస్. రోడ్లు మూసేస్తే ఏం చెయ్యాలి?

పాత_నర్సు · 4:52
రేపటి దాకా ఆగొద్దమ్మా, ఇప్పుడే సెంటర్‌కి ఫోన్ చేసి ఈ రాత్రికి చేస్తారేమో అడుగు. ఒక్కసారి డయాలసిస్‌కి వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. కరెంట్ పోతే మిషనూ ఆగుతుంది, నీళ్లూ ఆగుతాయి. జనరేటర్ ఉన్నా డీజిల్ ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. ఒక విడత దాటిపోయే పరిస్థితి వస్తే నీళ్లు, ఉప్పు బాగా తగ్గించాలి. ముఖ్యంగా కొబ్బరినీళ్లు ఇవ్వొద్దు. తుపాను తర్వాత ప్రతి ఇంట్లో రాలిన బొండాలే ఉంటాయి, తాగే నీళ్లు ఉండవు. అందరూ అవే తాగుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అందులోని పొటాషియం గుండెను ఆపేయగలదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో ఈ మాట ఇంటింటికీ చెప్పాలి.

సోంపేట_చెల్లి · 7:30
రాత్రికే రమ్మన్నారు. ఆటోలో బయల్దేరాం.

మందస_కోవా · 11 అక్టోబర్, తెల్లవారుజాము 2:35
కరెంట్ పోయింది. ఈశాన్యం నుంచి గాలి. తలుపుకి మంచం అడ్డం పెట్టాం.

పలాస_జీడిపప్పు · 3:50
చుట్టుపక్కల రేకులు ఎగురుతున్న చప్పుడు. మాది ఉందో లేదో తెలీదు. పిల్లలు బల్ల కింద ఉన్నారు.

వాతావరణ_పిచ్చి · 4:05
కన్ను నేరుగా పలాస వైపే వస్తోంది. గోడకు ఆనుకొని ఉండండి, కిటికీలకు దూరంగా.

మందస_కోవా · 4:31
కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడు ఒకటి తర్వాత ఒకటి వినిపిస్తోంది. లెక్క పెట్టడం మానేశాను.

పలాస_జీడిపప్పు · 4:58
ఆగిపోయింది. ఒక్కసారిగా ఆగిపోయింది. జనం బయటికి వస్తున్నారు.

వాతావరణ_పిచ్చి · 4:59
బయటికి రావొద్దు!! అది కన్ను. అయిపోలేదు. ఇప్పుడు నైరుతి నుంచి అంతే గాలి వస్తుంది. అందరినీ లోపలికి పిలవండి. అరవండి.

టెక్కలి_టీచర్ · 5:00
బాబూ లోపలికి వెళ్లిపోండి.

పలాస_జీడిపప్పు · 5:04
పిలిచాను. వచ్చారు. మళ్లీ మొదలైం

ఉద్దానం_కుర్రోడు · ఉదయం 7:15
పలాస దగ్గర తీరం దాటింది, గాలి 140 నుంచి 150, మధ్యలో 165 దాకా అని టీవీలో చెప్పారు. మా ఇంట్లో ఒక్క ఫోనూ మోగడం లేదు. పలాస అన్న కూడా తర్వాత రాయలేదు. ఎవరైనా ఉన్నారా?

ఇజీనగరం_వాసి · 7:40
మా వైపు వాన పడుతోంది, అంతే. చింతపల్లిలో అక్క వాళ్లు బాగున్నారు. శ్రీకాకుళం దాటాక టవర్లన్నీ పోయినట్టున్నాయి. కంగారు పడకు, ఫోన్ కలవకపోతే మనుషులకు ఏదో అయిందనుకోవద్దు.

వెరావల్_నుంచి · 8:30
అదే మాట చెప్పుకుంటూ ఇక్కడ గదిలో పదిమందిమి కూర్చున్నాం. ఎవరూ వేటకు వెళ్లలేదు.

నరసన్నపేట_బైక్ · సాయంత్రం 6:10
పలాస దాకా వెళ్లి వచ్చాను. హైవే మీద టెక్కలి దాటాక చెట్లు అడ్డం పడి ఉన్నాయి, పొక్లెయిన్లతో, రంపం మిషన్లతో తీస్తున్నారు. బైక్ కాబట్టి పక్కనుంచి దూర్చుకుంటూ పోయాను. కరెంటు స్తంభాలు వరసగా మడిచినట్టు వంగి ఉన్నాయి, తీగలు రోడ్డు మీద ఉన్నాయి. పలాస అన్న కనిపించాడు, కుటుంబం క్షేమం. షెడ్ పైన రేకు లేదు, గోడలు మాత్రం ఉన్నాయి. బస్తాల మీద బరకం నిలిచింది. మాస్టారికి చెప్పమన్నాడు.

వజ్రపుకొత్తూరు వైపు లోపలి రోడ్లకు వెళ్లడం కుదర్లేదు. రేపు మళ్లీ పోతాను. ఊరి పేర్లు, ఇంటి గుర్తులు రాయండి.

టెక్కలి_టీచర్ · 6:30
చాలా మంచి కబురు చెప్పావు నాయనా. చీకట్లో తిరగకు, తీగలు తెగి ఉన్నాయి.

కళింగపట్నం_లైట్‌హౌస్ · 12 అక్టోబర్, ఉదయం 9:00
వంశధార పక్కనున్నవాళ్లు జాగ్రత్త. తుపాను ఈశాన్యానికి మళ్లింది కానీ గజపతి జిల్లా కొండల్లో కురిసిన వానంతా ఇప్పుడు దిగుతోంది. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారు. హిరమండలం, కొత్తూరు, జలుమూరు, నరసన్నపేట, పోలాకి, గార మండలాల్లో నదికి దగ్గర ఊళ్లవాళ్లు గట్ల మీద పడుకోవద్దు. మాకు గాలి దెబ్బ తప్పింది అనుకుని నిన్న ఊపిరి పీల్చుకున్నాం, ఈ రోజు వరిచేలు కనిపించడం లేదు.

బారువ_బీచ్ · 11:20
ఇప్పుడే సిగ్నల్ వచ్చింది, ఓవర్‌బ్రిడ్జి ఎక్కి రాస్తున్నా. మేం బతికే ఉన్నాం. మహేంద్రతనయ కూడా ఊళ్లలోకి వచ్చింది. మా వీధిలో చెట్టు పడని ఇల్లు లేదు.

నరసన్నపేట_బైక్ · రాత్రి 8:40
ఉద్దానం తమ్ముడూ, మీ ఊరు వెళ్లాను. మీ అమ్మానాన్నలు క్షేమం. ఆవు క్షేమం, పెదనాన్న వాళ్ల గోడ పక్కన నిలబడి ఉంది. పెంకుటిల్లు సగం పోయింది, వంటిల్లు నిలబడింది. నాన్న తోటలోనే కూర్చున్నాడు. నీతో చెప్పమని ఏమీ చెప్పలేదు, నువ్వు వస్తావా అని అడిగాడు.

తోట సంగతి దాచకుండా రాస్తాను. జీడి చెట్లు వేళ్లతో సహా లేచి పక్కకు పడ్డాయి, గుంటల్లో ఎర్ర ఇసుక ఇంకా తడిగానే ఉంది. జీడికి గుబురు ఎక్కువ, ఇసుక నేలలో వేళ్లు పక్కలకే పోతాయి, ఇంత గాలికి ఆగలేవు. కొబ్బరి కొన్ని మొదట్లో, కొన్ని నడుములో విరిగాయి. సగం చెట్లు నైరుతికి పడ్డాయి, సగం ఈశాన్యానికి పడ్డాయి. వాతావరణం అన్న రాసింది అక్కడ కళ్లతో చూశాను. మొదటి గాలికి పడకుండా వదులైపోయినవి రెండో గాలికి పడిపోయాయి. పనస కూడా మిగల్లేదు.

ఉద్దానం_కుర్రోడు · 8:52
అన్నా, మీరెవరో కూడా నాకు తెలీదు. రాత్రి బస్సుకి బయల్దేరుతున్నా. రైలు ఎప్పటికి నడుస్తుందో తెలీదు. ఏం తేవాలి చెప్పండి.

మందస_కోవా · 13 అక్టోబర్, ఉదయం 10:15
నీళ్లు. తర్వాత నీళ్లు. కరెంట్ లేక బోర్లు, శుద్ధి ప్లాంట్లు అన్నీ ఆగిపోయాయి. ఒక జనరేటర్ వాడు ఊరి మీదికి వస్తే ఇంటింటి ట్యాంకు నింపి డబ్బు తీసుకుంటున్నాడు. ఫోన్ ఛార్జింగ్‌కి కూడా డబ్బే. కొవ్వొత్తులు, దోమల చుట్టలు, క్లోరిన్ బిళ్లలు, బరకాలు తీసుకురండి. బట్టలు వద్దు, బట్టలు తెచ్చి రోడ్డు పక్కన పోసి పోతున్నారు.

ఇజీనగరం_వాసి · 10:40
మా వీధివాళ్లం కలిసి నీళ్ల టిన్నులు ఒక వ్యాన్ నిండా తెస్తున్నాం. హుద్‌హుద్ అప్పుడు మాకు మీరు పంపారు. హైవే మీద ఊళ్లకు చాలా వస్తున్నాయని విన్నాం, లోపలికి ఏ ఊరు తిప్పమంటారు?

మందస_కోవా · 10:44
హైవే మీద ఆపొద్దు. హరిపురం దాటి కొండ పక్కకు రండి. సవర గిరిజనుల గూడేలకు ఇంకా ఎవరూ రాలేదు. వాళ్ల జీడి కూడా పోయింది. అక్కడ చెట్టే ఏడాది తిండి. నేను దారిలో నిలబడతాను, మందస కోవా దొరికితే పెడతాను, పాలు వస్తే కదా.

సోంపేట_చెల్లి · 12:10
నాన్నకు బుధవారం రాత్రి డయాలసిస్ అయింది. రేపు మళ్లీ చేయించాలి. సెంటర్‌లో జనరేటర్ మీద చేస్తున్నారు కానీ వరసలో చాలామంది ఉన్నారు. కిడ్నీ జబ్బున్న పక్కింటి తాతకు కొబ్బరినీళ్లు పట్టబోతుంటే నేనే ఆపాను. నర్సమ్మా, మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

పాత_నర్సు · 12:30
ఆ తాతకు ఊపిరి ఆడకపోయినా, కాళ్లు బరువెక్కినా, గుండె దడగా ఉన్నా వరస కోసం ఆగొద్దు, ముందు ఆయన్ని చూడమని గట్టిగా అడుగు.

ఉద్దానం_కుర్రోడు · 17 అక్టోబర్, రాత్రి 9:20
ఊళ్లోనే ఉన్నాను. టవర్ ఒక గంట పని చేస్తోంది. నష్టం రాసుకోవడానికి రేపో ఎల్లుండో మనుషులు వస్తారంటున్నారు. పడిన చెట్లు అప్పటిదాకా ముట్టుకోవద్దని ఒకరు, వెంటనే కోసేయమని ఒకరు అంటున్నారు. ఏది చెయ్యాలి?

బారువ_బీచ్ · 9:31
ముట్టుకోవద్దు. పైలిన్ అప్పుడు మేం తోట శుభ్రం చేసుకున్నాం, వచ్చినవాళ్లు చెట్టు కనిపించడం లేదని సగానికి సగం రాశారు. ఎన్నిసార్లు తిరిగినా ఆ లెక్క మారలేదు.

కొబ్బరి_మావ · 9:50
అలా అని నెలల తరబడి ఒగ్గేస్తే ఇంకో నష్టం ఉంది. కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. మిగిలిన చెట్ల మొవ్వులు, అంటే నడినెత్తిన చిగుర్లు, తొలిచేస్తుంది. గాలికి పోయినవి పోగా పురుగుకి మిగిలినవి పోతాయి.

టెక్కలి_టీచర్ · 10:02
రెండూ నిజమే. ప్రతి చెట్టు మొదలుకు సున్నంతో నంబరు వేసి, వెనక పొలం గట్టు కనిపించేలా ఫోటో తియ్యి. సర్వే నంబరు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పుస్తకం, ఆధార్ జిరాక్సులు సిద్ధంగా పెట్టుకో. లెక్క రాసిన రోజే కాగితంలో అంకె చూసి సంతకం పెట్టు. తర్వాత ఒక్క రోజు కూడా ఆగకుండా మొద్దులు తీయించు.

వెరావల్_నుంచి · 10:15
చెట్లకు నంబరు వేస్తారు. మరి నావలకు? మా తమ్ముడి నావ పక్క పగిలింది, వలలు ఇసుకలో పూడిపోయాయి. కొబ్బరి తోటల మాటే అందరూ మాట్లాడుతున్నారు.

కళింగపట్నం_లైట్‌హౌస్ · 10:22
దానికీ అదే పద్ధతి. నావ ఉన్నచోటే, రిజిస్ట్రేషన్ నంబరు కనిపించేలా ఫోటో తీయించు. వలలు తవ్వి తీసి ఎండలో పరిపించు, చిరిగినవి పడేయొద్దు. మత్స్యశాఖవాళ్లు వచ్చిన రోజు నేను పక్కనుంటాను.

సంతబొమ్మాళి_కౌలు · 10:40
కౌలుకు చేసేవాళ్ల సంగతి? తోట యజమాని విశాఖలో ఉంటాడు. డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఎరువు పెట్టింది, నీళ్లు పోసింది మేం.

టెక్కలి_టీచర్ · 10:55
కౌలు కార్డు ఉంటే అది చూపించి పేరు రాయించుకో. లేకపోతే యజమానితో ఇప్పుడే మాట్లాడి, ఎంత నీకు అన్నది కాగితం మీద పెట్టించుకో. డబ్బు పడ్డాక మాట్లాడితే మాట తీరు మారుతుంది. ఇది చాలా ఇళ్లలో జరుగుతున్న అన్యాయం, గ్రామసభలో నిలబడి అడగాలి. నేను నీతో వస్తాను.

ఉద్దానం_కుర్రోడు · 18 అక్టోబర్, మధ్యాహ్నం 2:15
నిలబడి ఉన్న కొబ్బరి చెట్లకు ఏమైనా చెయ్యాలా? ఆకులన్నీ మెలితిరిగి వేలాడుతున్నాయి. నాన్న ఇవీ చస్తాయి అంటున్నాడు. దేశవాళీ మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్లు, ఆయనకు అరవై దాటాయి. ఉన్నవైనా బతికించుకోవాలి.

కొబ్బరి_మావ · 2:40
ఆకులు చూసి ఏ చెట్టునూ కొట్టించొద్దు. మొవ్వు చూడాలి. ఇంకా విచ్చుకోని నడిమి ఈటె ఆకును మెల్లగా లాగు. ఊడి చేతికి వచ్చి, మొదట్లో కంపు కొడితే మొవ్వు కుళ్లు మొదలైనట్టు. గట్టిగా ఉంటే చెట్టు బతుకుతుంది. విరిగిన మట్టలు కోసేసి మొవ్వు తడిసేలా 1 శాతం బోర్డో మిశ్రమం, అంటే కుళ్లు తెగులు మందు, పొయ్యి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 100 లీటర్లు. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ డ్రముల్లో కలిపి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పొయ్యాలి. ఇనప పాత్ర వాడొద్దు. కలిపాక కత్తి ముంచి చూడు, రాగి రంగు పట్టుకుంటే ఇంకొంచెం సున్నం వెయ్యి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడెయ్యాలి.

లేత మొక్కలు వంగి ఉంటే నిలబెట్టి, మొదట్లో మట్టి ఎగదోసి, మూడు పక్కల వాసాలు ఊతం ఇవ్వు. జీడి పూర్తిగా లేచిపోతే ఏం చేయలేం. సగం వేరు నేలలో ఉన్నది కొమ్మలు కొట్టేసి నిలబెడితే చిగురిస్తుంది, కోసినచోట బోర్డో పేస్టు రాయి.

పలాస_జీడిపప్పు · 3:05
షెడ్‌కి రేకులు మొదలుపెట్టాం. గింజ ఒలిచే ఆడవాళ్లకు పని ఆగిపోయింది, వాళ్లకు పొలమూ లేదు, చెట్టూ లేదు, ఏ జాబితాలోనూ పేరు రాదు. ఎండిన బస్తాలతో వచ్చే వారం కొంతమందికైనా పని మొదలుపెడతాను. మాస్టారూ, మీరు ఆ రోజు చెప్పకపోతే ఆ బస్తాలూ ఉండేవి కావు.

ఉద్దానం_కుర్రోడు · 3:20
మావా, మైలుతుత్తం టెక్కలిలో ఉందంటున్నారు, సున్నం ఎక్కడా దొరకడం లేదు.

నరసన్నపేట_బైక్ · 3:34
మా ఊళ్లో ఉంది. శనివారం ఆటోలో మీ వైపు వస్తున్నాను. ఎవరికి ఎన్ని కిలోలు కావాలో రేపు సాయంత్రంలోగా రాయండి.

మందస_కోవా · 3:36
నాకు ఐదు.

ఉద్దానం_కుర్రోడు · 3:37
మా ఊరికి పదిహేను. డబ్బు నేనే ఇస్తాను, దించేది పెదనాన్న ఇంటి దగ్గర.